ముందు చక్రాలు తిరగలేదు

వికారాబాద్ దాటి కోటపల్లి ప్రాజెక్టు వైపు పోయే దారిలో, పత్తిచేను గట్టు దిగిన బండి మళ్లీ గట్టెక్కలేదు. రాత్రంతా వాన. తెల్లారి ఎండ కాసింది. పైపొర ఆరి గట్టిగానే కనిపించింది. నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లు ఆ పైపొరను నమ్మరు. అమీర్‌పేటలో పిల్లలకు జావా చెప్పే సార్ నమ్మారు.

వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇరుసు దాకా దిగాయి. సార్ కంగారుపడలేదు. ఇలాంటి రోజు ఒకటి వస్తుందనే కదా, సెకండ్ హ్యాండ్‌లో వెతికి వెతికి ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నది! పెద్ద గేరు పక్కనుండే చిన్న గేరును టూ హెచ్ నుంచి ఫోర్ హెచ్‌లోకి లాగారు. డ్యాష్‌బోర్డు మీద పచ్చలైటు వెలిగింది. మెల్లగా క్లచ్ వదిలారు. బండి ఒకసారి ఊగి, ఉన్నచోటే ఇంకో అంగుళం కూరుకుంది.

రివర్స్ వేశారు. మళ్లీ ఫస్ట్. మళ్లీ రివర్స్. ముందు కుడిపక్క నుంచి టక్‌మని ఒక చప్పుడు, దాని వెనకే పళ్లు కొరికినట్టు కరకర. ఇంజిన్ అరుస్తోంది, పొగ వస్తోంది, బురద వెనక్కి ఎగిరి పత్తిమొక్కల మీద పడుతోంది.

భార్యను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ఆయన కిందికి దిగారు. మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి ముందు చక్రం పక్కన వంగి కూర్చున్నారు. ఆవిడ యాక్సిలరేటర్ తొక్కారు. వెనక చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. ముందు చక్రం అంటుకున్న గడ్డిపరక కూడా కదలకుండా నిలబడి ఉంది.

"ఏమండీ, లైటు వెలుగుతోంది కదా!"

"లైటు వెలుగుతోంది. చక్రమే తిరగట్లేదు."

పక్క చేను రైతు ట్రాక్టరు తెచ్చి, వెనక నుంచి గొలుసు కట్టి లాగాడు. లాగడం అయిదు నిమిషాల పని. ఆ తర్వాత ఆ రైతు అన్న మాటే సార్‌కు నెల రోజులు చెవిలో మోగింది. "నాలుగు చక్రాలు తిరిగే బండి అన్నరు గద సారూ. రెండే తిరిగినయ్."

పేర్లు అడగొద్దు. ఈ సార్, ముందు రాబోయే మెకానిక్ ఉస్తాద్ అచ్చంగా ఒక్కొక్క మనిషి కారు. పాత ఫోర్ వీల్ బండ్లు పెట్టుకున్నవాళ్లకు, వాటిని విప్పి బిగించేవాళ్లకు ఎదురయ్యే అనుభవాలను ఒకే బండికి, ఒకే షెడ్డుకు కట్టి చెబుతున్న కథ ఇది. బండి కంపెనీ పేరు కూడా అనవసరం. ఇనుము, నీళ్లు, గ్రీజు ఏ కంపెనీ బండిలోనైనా ఒకేలా ప్రవర్తిస్తాయి.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజగుట్ట చేరడానికి బండికి ఎంతసేపు పట్టిందో ఆ దారిన పోయేవాళ్లకు చెప్పక్కర్లేదు. తలమీద మెట్రో నిమిషాల్లో దాటిపోతుంటే, దాని స్తంభాల మధ్య ఫస్ట్ గేరులో, సెకండ్ గేరులో పాకుతూ పోవాలి. ఈ బండి బతుకంతా ఇదే. ఏడాదిలో ఏ రెండు మూడు రోజులో తప్ప దానికి బురద తెలియదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, రోగం ఇక్కడే ఉంది.

మెయిన్ రోడ్డు వదిలి పంజగుట్ట లోపలి సందుల్లోకి వెళితే రేకుల షెడ్డు. ఉస్తాద్‌కు అరవై దాటాయి. సనత్‌నగర్ ఆల్విన్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసిన బావ దగ్గర పానా పట్టడం నేర్చుకున్నవాడు. సార్ జరిగింది మొత్తం చెప్పారు. ఉస్తాద్ సగం విని, షెడ్డులో పనిచేసే కుర్రాడు చోటూకు చేత్తో సైగ చేశాడు. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ముందు రెండు చక్రాలూ నేల వదిలేలా జాకీలెత్తి స్టాండ్లు పెట్టారు.

"లైటు వెలిగిందన్నరు గదా సార్. అది పెట్టెల గేరు పడ్డదని చెప్తది. చక్రం పట్టుకున్నదని చెప్పదు."

చోటూ బండి కిందికి దూరి, ముందుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పాడు. ఎడమవైపు హబ్ టక్‌మని పట్టుకుంది. కుడివైపు లోపల యాక్సిల్ తిరుగుతూనే ఉంది, చక్రం మాత్రం అలాగే ఉంది. ఉస్తాద్ ఇంకేమీ అనలేదు. కుడిచక్రం వైపు స్టూలు లాక్కున్నాడు.

ఇక్కడ బండి లోపలి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇంజిన్ బలం గేరుబాక్సు దాటి ట్రాన్స్‌ఫర్ కేస్‌కు వస్తుంది. ఉస్తాద్ పెట్టె అన్నది దాన్నే. మామూలు రోడ్డు మీద అది వెనక ఇరుసుకే బలం పంపుతుంది. ఫోర్ హెచ్ వేస్తే ముందు ఇరుసుకూ పంపుతుంది. కానీ ముందు ఇరుసు చివర, చక్రం దగ్గర, ఇంకో తలుపుంది. అదే లాకింగ్ హబ్. అది మూసుకుంటేనే యాక్సిల్, చక్రం కలిసి తిరుగుతాయి. తెరిచి ఉంటే యాక్సిల్ దారి యాక్సిల్‌ది, చక్రం దారి చక్రానిది.

ఆటోమేటిక్ హబ్‌లో ఈ తలుపు తనంతట తానే మూసుకోవాలి. ఫోర్ హెచ్ వేయగానే యాక్సిల్ తిరగడం మొదలుపెడుతుంది. ఆ తిరుగుడుకు లోపలి క్యామ్ ఒక వాలు మీదికెక్కి, పళ్లున్న రింగును బయటికి తోస్తుంది. ఆ పళ్లు చక్రం వైపు పళ్లలో కూర్చుంటాయి. విడిపించాలంటే టూ హెచ్ వేసి, బండిని తిన్నగా కొన్ని అడుగులు వెనక్కి నడపాలి. చూడటానికి ముచ్చటైన ఏర్పాటే. దిగక్కర్లేదు, చెయ్యి మురికి కాదు. కాకపోతే స్ప్రింగు బిగువుగా ఉండాలి, రాపిడి సరిగ్గా ఉండాలి, గ్రీజు పల్చగా, శుభ్రంగా ఉండాలి. మూడింట్లో ఏది తప్పినా క్యామ్ సగం ఎక్కి ఆగిపోతుంది. పళ్లు అంచుల మీద కూర్చుని జారుతాయి. సార్ చేలో విన్న కరకర అదే.

పైగా ఆయన ముందుకీ వెనక్కీ ఊపారు. బురదలో ఇరుక్కున్న ప్రతివాడూ చేసే పనే అది. ఆటోమేటిక్ హబ్‌కు మాత్రం అదే శిక్ష. దిశ మారిన ప్రతిసారీ అది పట్టు వదిలి, మళ్లీ అవతలివైపు నుంచి పట్టుకోవాలి. ఇంజిన్ అరుస్తుంటే, సగం అరిగిన పళ్ల మీద ఆ దెబ్బ పడుతుంది. అవసరం తీవ్రంగా ఉన్న ఆ అర నిమిషంలోనే అది వదిలేస్తుందన్నమాట.

"ఎడమది బాగానే ఉంది కదా ఉస్తాద్, అదైనా తిరగాలి కదా?" పాఠం చెప్పే మనిషి కాబట్టి సార్‌కు ఈ ప్రశ్న రావాల్సిందే.

"డిఫరెన్షియల్ ఊకుంటదా సార్! ఏ పక్క అల్కగ తిరుగుతదో గా పక్కనే తిప్పుతది. కుడిపక్క పట్టు లేదు, ఉత్త యాక్సిల్ తిరిగింది. ఎడమ చక్రానికి బురద బరువు. అదెందుకు తిరుగుతది?"

ఒక్క హబ్ చెడితే రెండు ముందు చక్రాలూ పోయినట్టే. వేల పుర్జాలున్నా సరే, ఆ ఒక్కటి లేకపోతే ఫోర్ వీల్ బండి ఉత్త బరువైన టూ వీల్ బండి.

హబ్ మూత బోల్టులు విప్పి, సర్క్లిప్ ఊడదీసి, లోపలి సరంజామా బయటికి లాగాడు ఉస్తాద్. పాత పేపరు మీద పెట్టాడు. గ్రీజు ఇరానీ చాయ్ రంగులోకి తిరిగి ఉంది. గ్రీజులో నీళ్లు కలిస్తే వచ్చే రంగది. వేలితో తుడిస్తే కింద తుప్పు. స్ప్రింగులో ఒక చుట్టు విరిగి పక్కకు ఒరిగింది. క్యామ్ వాలు మీద, పనిచేసే చోట మాత్రమే, మెరుపు పోయి గరుకు తేలింది. రింగు పళ్ల అంచులు గుండ్రంగా అరిగాయి. గోటితో గీరితే గోరు ఆగాల్సిన చోట జారిపోతోంది.

"ఎన్ని పాల్లు దింపిన్రు నీళ్లల్ల?"

"నేనెక్కడ దింపాను? చెరువుల్లోకి నేనెప్పుడూ వెళ్లలేదు."

"చెరువు దాక ఎందుకు సార్. మైత్రీవనం లేదా?"

అమీర్‌పేట వాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. గట్టి వాన పడితే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు ఎత్తు నుంచి నీళ్లన్నీ పల్లానికి దిగి మైత్రీవనం దగ్గర నిలుస్తాయి. కోచింగ్ సెంటర్ల పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని దాటుతారు. స్కూటర్లు ఆగిపోతాయి. ఎత్తైన బండి ఉన్నవాడికి ఆ రోజు కాస్త గర్వం. సార్ కూడా చాలాసార్లు ఆ నీళ్లను చీల్చుకుంటూ పోయారు. గంట సేపు బ్రేకులు తొక్కుతూ జామ్‌లో వచ్చిన బండికి హబ్ వేడెక్కి ఉంటుంది. ఆ వేడి ఇనుము ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది. కుంచించుకున్న గాలి సీలు అంచు నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. సీలు కొత్తదైతే తట్టుకుంటుంది. పదేళ్ల రబ్బరు తట్టుకోదు.

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడిన సంగతి ఉస్తాద్‌కు బాగా గుర్తు. బేగంపేట నాలా పొంగి ఇళ్లు మునిగాయి. తర్వాత వారాల తరబడి షెడ్డుకు వచ్చిన ప్రతి బండిలో బేరింగు విప్పితే ఇదే రంగు గ్రీజు అంటాడు. నీళ్లు దిగిన బండికి ఆ వారమే గ్రీజు మార్చాలని అప్పటి నుంచీ చెబుతున్నాడు. వినేవాళ్లు తక్కువ. ఆ రోజు బండి ఆగలేదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటారు.

సార్ ముందు రెండు దార్లున్నాయి. కంపెనీ ఆటోమేటిక్ హబ్‌లే మళ్లీ కొత్తవి వేయించడం, లేదా చేత్తో తిప్పే మాన్యువల్ హబ్‌లకు మారడం.

"ఆటోమేటిక్ ఖరాబు సామాను కాదు సార్," అన్నాడు ఉస్తాద్ బనీను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "దానికి రోజూ పని గావాలె. మీరు దసరాకోపాలి, సంక్రాంతికోపాలి ఫోర్ హెచ్ ఏస్తరు. నడుమ నెలలకు నెలలు అది నిద్రపోతది. నిద్రలోంచి లేపి గుండం దుంకమంటే దుంకుతదా?"

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కొండల్లో, మంచులో రోజూ వాడేవాడికి ఆటోమేటిక్ సుఖమే. నగరంలో తారు మీద ఏడాదంతా తిరిగి, ఎప్పుడో ఒకసారి బురదలోకి దిగేవాడికే అది నమ్మకం లేని వస్తువు. మన ఫోర్ వీల్ బండ్లలో ఎక్కువ భాగం ఆ రెండో రకం చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లకు సౌఖ్యం పేరుతో ఇచ్చిన వస్తువు, సరిగ్గా వాళ్ల వాడకానికే సరిపడనిది.

తమాషా ఏమిటంటే చేత్తో తిప్పే హబ్బే ముందు పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. వాటి ముందు చక్రాలకూ యాక్సిల్‌కూ శాశ్వతంగా ముడి. యుద్ధం ముగిశాక అవి చవగ్గా జనం చేతికి వచ్చాయి. యుద్ధభూమిలో ఎవరికీ పట్టని లోటు అప్పుడు బయటపడింది. తారు రోడ్డు మీద పోతున్నా ముందు యాక్సిళ్లు, డిఫరెన్షియల్, షాఫ్ట్ అన్నీ చక్రాల వెంట ఊరికే తిరుగుతాయి. చప్పుడు, అరుగుదల, పెట్రోలు దండగ. అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో ఆర్థర్ వార్న్ అనే ఆయన దీనికి విరుగుడుగా, అవసరం లేనప్పుడు ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే హబ్‌లు చేసి, 1948లో దాని మీదే కంపెనీ పెట్టాడు. దిగి తిప్పే ఇబ్బంది తప్పించే ఆటోమేటిక్ హబ్‌లు 1980లలో అమెరికా, జపాన్ బండ్లలో విరివిగా వచ్చాయి. అవి మొరాయించడం మొదలయ్యాక, వాటిని తీసేసి మాన్యువల్ వేసుకునే కిట్‌లను అమ్మినవాళ్లలో ఆ వార్న్ కంపెనీ కూడా ఉంది.

జీపుతో హైదరాబాద్‌కు చుట్టరికం తక్కువేం కాదు. విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఆ మహమ్మద్, మాలిక్ గులాం మహమ్మద్, ఒకప్పుడు నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసినవాడు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు, ఆపైన గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడి కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. ఇక అమీర్‌పేట నుంచి కూతవేటు దూరంలో ఉన్న సనత్‌నగర్‌లో 1942లో మొదలైన ఆల్విన్ సంగతి. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసిన ఆ ఫ్యాక్టరీ, 1980లలో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు చేసింది. ఆ జహీరాబాద్ ప్లాంటు తర్వాత మహీంద్రా చేతికే వెళ్లింది. పంజగుట్ట సందుల్లో ఉస్తాద్‌కు పానా నేర్పిన బావ ఆ ఆల్విన్ మనిషే కదా. దారులు ఎక్కడో ఒకచోట కలుస్తాయి.

మళ్లీ షెడ్డుకు వద్దాం. మాన్యువల్ హబ్ కొనడం అంటే షాపులో బొమ్మ చూపించి కొనేది కాదు. యాక్సిల్ చివర పొడుగునా గాడులుంటాయి, వాటినే స్ప్లైన్‌లంటారు. హబ్ లోపలి పళ్లు లెక్కకు లెక్క సరిపోవాలి. 26 పళ్ల యాక్సిల్‌కు 27 పళ్ల హబ్ ఎక్కదు, కొట్టినా ఎక్కదు. హబ్ బోల్టుల మధ్య దూరం కలవాలి. మూత లోతు కలవాలి. సార్‌కు తోచిన ఉపాయం బాగుంది. జేబులో ఉన్న వైట్‌నర్ పెన్నుతో ఒక పన్ను మీద చుక్క పెట్టి, అక్కణ్నుంచి వేలితో లెక్కపెట్టారు. ఉస్తాద్ రెండోసారి లెక్కపెట్టాడు. చోటూ మూడోసారి లెక్కపెట్టి ఇద్దరికీ ఒకటి ఎక్కువ చెప్పాడు. చుక్క పెట్టిన పన్నునే రెండుసార్లు లెక్కించాడని తేలాక షెడ్డులో కాసేపు నవ్వులు.

రాణిగంజ్ షాపుల్లో మొదట దొరికిన జత చూడ్డానికి బాగుంది, పళ్లు కూడా కలిశాయి. ఉస్తాద్ డయల్‌ను ఫ్రీ నుంచి లాక్‌కు, లాక్ నుంచి ఫ్రీకి తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పదోసారికో ఎన్నోసారికో డయల్ సగంలో బిగుసుకుంది. వాపసు. రెండో జత తేవడానికి వారం పట్టింది. ఆ వారం సార్ మెట్రోలో తిరిగారు, బండి జాకీల మీదే ఉంది.

మధ్యలో ఎవరో పెద్దమనిషి "ఆర్టీయే వాళ్లు పట్టుకుంటారేమో" అని భయపెట్టాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడేది, ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చడానికి. హబ్ ఏ రకానిదో ఆర్సీలో ఉండదు. ఆ భయం అక్కడితో సరి.

బిగించే రోజు ఉస్తాద్ ఎవరి ఫోనూ ఎత్తలేదు. చక్రం, బ్రేకు విప్పి పక్కన పెట్టాడు. ఆటోమేటిక్ హబ్‌కు సంబంధించిన క్యామ్ ముక్క ఒకటి చక్రం బేరింగు నట్టు దగ్గరే కూర్చుని ఉంటుంది. మూత విప్పి కొత్తది తగిలించేస్తే అయిపోయిందనుకునేవాళ్లు దాన్ని అక్కడే వదిలేస్తారు. మాన్యువల్ హబ్ లోపలి రింగు దానికి తగిలి నాలుగు రోజుల్లో విరుగుతుంది. దాన్ని తీసేసి, మాన్యువల్‌కు సరిపోయే సాదా నట్టు, లాక్ వాషర్, మళ్లీ నట్టు వేయాలి.

బేరింగులు డీజిల్‌లో కడిగి వెలుతురుకు పెట్టి ఒక్కో రోలరునూ చూశాడు. కుడివైపు బయటి బేరింగు మీద నల్లటి మచ్చలు. అదీ కొత్తది. కొత్త ఆయిల్ సీలు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికేసి నొక్కుతూ, రోలర్ల మధ్య నుంచి అవతలివైపు గ్రీజు తేలేదాకా తిప్పి తిప్పి ఎక్కించాడు. తర్వాత నట్టు బిగింపు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో నట్టు గట్టిగా బిగించాడు. బేరింగులు గూట్లో కూర్చున్నాక నట్టును వదులు చేసి, మళ్లీ కొద్దిగా బిగించాడు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. ఆట లేదు. వేలితో తిప్పితే చక్రం ఆగకుండా తిరిగింది. అప్పుడు లాక్ వాషర్ చెవి మడిచాడు. ఈ ఒక్క పనికే అరగంట. హబ్ లాక్ కాకపోతే బురదలో ఆగుతాం. బేరింగు బిగువు తప్పితే ఔటర్ రింగు రోడ్డు మీద చక్రమే ఊడుతుంది.

హబ్ లోపల మాత్రం గ్రీజు దట్టించలేదు. పల్చగా పూశాడంతే. సార్‌కు అది పిసినారితనంలా అనిపించి ఇంకొంచెం వేయమన్నారు. "నిండా నింపితే డయల్ తిరగది సార్. చలికాలం పొద్దుగాల అసలే తిరగది." కొత్త ప్యాకింగ్, ఓ రింగు, మూత, ఎదురెదురుగా ఒక్కో బోల్టు కొంచెం కొంచెంగా బిగింపు. సర్క్లిప్ వేసేటప్పుడు యాక్సిల్‌ను కాస్త బయటికి లాగి పట్టుకోవడం చోటూ పని. ఆ ఒక్క పనీ వాడు ఎవరికీ వదలడు.

జాకీల మీదే పరీక్ష. డయల్ ఫ్రీలో పెట్టి చక్రం తిప్పితే చక్రమొక్కటే తిరిగింది, యాక్సిల్ కదల్లేదు. లాక్‌లో పెట్టి తిప్పితే క్లిక్‌మని పట్టుకుని యాక్సిల్ కూడా వెంట వచ్చింది. రెండు పక్కలా అంతే.

తర్వాత ఉస్తాద్ సార్‌ను ఎదురుగా నిలబెట్టి పాఠం చెప్పాడు. చెప్పడమే అలవాటైన మనిషి ఆ పూట చేతులు కట్టుకుని విన్నారు. డయల్ బండి ఆగినప్పుడే తిప్పాలి, టూ హెచ్‌లో ఉండగానే తిప్పాలి. చేత్తోనే తిప్పాలి, ప్లయర్ పెట్టొద్దు, రాకపోతే బండిని అడుగు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ ప్రయత్నించాలి. బురద కనిపించాక కాదు, బురద రాకముందే దిగి లాక్ చేసుకోవాలి. లాక్ చేశాక టూ హెచ్, ఫోర్ హెచ్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ముందుకీ వెనక్కీ ఎంతైనా ఊపుకోవచ్చు, పట్టు వదలదు. పొడి తారు మీద మాత్రం ఫోర్ హెచ్ వేసి మలుపు తిప్పొద్దు. ముందు చక్రాలు, వెనక చక్రాలు మలుపులో వేరువేరు దూరాలు తిరుగుతాయి. ఈ బండికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు, ఆ తేడా అంతా గేర్ల మీదే పడుతుంది. నెలకోసారి రెండు హబ్‌లూ లాక్ చేసి, తారు మీద టూ హెచ్‌లోనే కొన్ని కిలోమీటర్లు నడపాలి. ముందు ఇరుసులో ఆయిల్ తిరిగి పళ్లు తడుస్తాయి.

ఒక లాభం సార్‌కు తనంతట తనకే తోచింది. హబ్‌లు ఫ్రీలో ఉంచి చిన్న గేరు ఫోర్ ఎల్‌లో, అంటే నాలుగు చక్రాల నిదానపు గేరులో వేస్తే ముందు చక్రాలకు బలం పోదు, వెనక చక్రాలకు మాత్రం నిదానపు వేగం, మంచి లాగుడు దొరుకుతాయి. అమీర్‌పేట అపార్ట్‌మెంట్ల సెల్లారు ర్యాంపులు ఎంత నిటారుగా ఉంటాయో తెలిసినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. ఆటోమేటిక్‌తో ఇది కుదరదు, ఫోర్ ఎల్ వేయగానే అది పట్టుకోవడానికి చూస్తుంది. బలమంతా వెనక ఇరుసు మీదే పడుతుంది కాబట్టి మెల్లగా తొక్కమని ఉస్తాద్ హెచ్చరించాడు.

మూడు వారాల తర్వాత మళ్లీ కోటపల్లి. అదే చేను, అదే గట్టు. ఈసారి గట్టు మీదే ఆగి, సార్ దిగి కుడి హబ్ తిప్పారు. అంతలో ఫోన్ మోగింది. బ్యాచ్ టైమింగు గురించి ఏదో గొడవ. మాట్లాడుతూనే ఎక్కి కూర్చున్నారు, ఫోర్ హెచ్ వేశారు, బండిని చేలోకి దింపారు. పది గజాలు పోయి బండి ఆగింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయి. ముందువి లేదు.

"వెయ్యి రూపాయల పని చేయించి రెండు వేల మాటలు విన్నాం ఆ షెడ్డులో," అంటూ సార్ విసుక్కుంటుండగా, ఆవిడ తన వైపు తలుపు తీసి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బురదలోకి దిగారు. ఎడమ చక్రం వైపు వంగి చూశారు.

"ఏమండీ, ఇటు ఫ్రీ అని ఉంది."

"అటు నువ్వే తిప్పు!"

తిప్పారు. క్లిక్‌మంది. బండి రెండుసార్లు ఊగి, రేగడిని నాలుగు పక్కలా విసిరి, గట్టెక్కింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎడమ హబ్ ఆవిడది, కుడి హబ్ ఆయనది. ఇద్దరూ దిగితేనే బండి దిగుతుంది.

కొత్త బేరింగు కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బిగువు చూపించుకోమని ఉస్తాద్ చెప్పాడు. సార్ వెళ్లిన రోజు షెడ్డులో ఇంకో బండి జాకీల మీద ఉంది. అలాంటిదే, ఇంకా పాతది. దాని యజమాని నడిపేది చిక్‌మగళూరు కాఫీ తోటల్లో, రోజూ ఫోర్ హెచ్ పని. ఆయనకు మాన్యువల్ వద్దు. ఘాట్‌లో వానలో గంటకోసారి దిగి ఎవరు తిప్పుతారని ఆయన వాదన. ఆయన వాడకానికి అదే సరైన మాట, ఉస్తాద్ కూడా కాదనలేదు. కావాల్సింది ఒక్క ఆటోమేటిక్ హబ్ మాత్రమే, అదీ కంపెనీది. బల్ల మీద డీజిల్‌లో కడిగి, స్ప్రింగు చూసి, పల్చగా గ్రీజు పూసి సిద్ధంగా ఉంది ఒకటి. సార్ దాన్ని గుర్తుపట్టారు. తన బండి ఎడమ హబ్.

"ఉస్తాద్, అది నాది కదా. దాని డబ్బులు నాకు రావాలి."

"మీ బిల్లుల లేబర్ చూసిన్రా సార్?"

సార్ జేబులోంచి బిల్లు తీసి చూశారు. బేరింగు, సీళ్లు, ప్యాకింగ్, హబ్ జత, డీజిల్, అన్నీ ఉన్నాయి. లేబర్ అని రాసిన చోట సగమే వేసి ఉంది.

"మిగతా సగం గదే," అని ఉస్తాద్ ఆ ఎడమ హబ్ అందుకుని చోటూను యాక్సిల్ లాగి పట్టుకోమన్నాడు.